పట్టకం పక్కతలం: పిల్లర్ నుంచి సాగర్ కాలువ దాకా

ఒకే ఇంట్లో రెండు పిల్లర్లు లేస్తున్నాయి. ఒకటి 12 అంగుళాలకు 12 అంగుళాలు, రెండోది 9 అంగుళాలకు 16 అంగుళాలు. రెండింటి ఎత్తూ 10 అడుగులే. అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం రెండింటికీ 144 చదరపు అంగుళాలు, అంటే సరిగ్గా ఒక చదరపు అడుగు. అందువల్ల ఒక్కో పిల్లర్‌కు పట్టే కాంక్రీటు 10 ఘనపుటడుగులు. సిమెంటు, ఇసుక, కంకర లెక్కలో ఏ తేడా రాదు. కానీ కాంక్రీటు పోయడానికి చుట్టూ బిగించే అచ్చు, అంటే సెంట్రింగ్ లెక్క దగ్గరికి వచ్చేసరికి మొదటి పిల్లర్‌కు 40 చదరపు అడుగులు, రెండోదానికి 41.67 చదరపు అడుగులు అవుతుంది. అదే కాంక్రీటుతో 6 అంగుళాలకు 24 అంగుళాల పలక లాంటి పిల్లర్ పోస్తే సెంట్రింగ్ 50 చదరపు అడుగులకు చేరుతుంది.

లోపల నింపే సరుకు మారలేదు. బయట కప్పే తలం మాత్రం మారింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇల్లు కట్టించుకునే ప్రతివారూ ఈ తేడాకు డబ్బు చెల్లిస్తూనే ఉంటారు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలో పిల్లర్ కనిపించకుండా కలిసిపోవాలంటే 9కి 16 కొలత అనుకూలం. గది మూలన అంచు పొడుచుకురాకుండా ఉండేందుకు ఆ కాస్త అదనపు సెంట్రింగ్ ఖర్చు భరించవచ్చని ఇంటివారు అనుకుంటారు. ఆ అదనం ఎంతో ముందుగానే చెప్పేదే పట్టకపు పక్కతల వైశాల్యం లెక్క.

పట్టకం ఎలాంటి ఆకారం

రెండు చివర్లా ఒకే ఆకారం, ఒకే పరిమాణం ఉన్న రెండు బహుభుజులు సమాంతరంగా నిలబడి, వాటి అంచులను చదునైన ముఖాలు కలిపితే వచ్చే ఘనాకారం పట్టకం. ఆ రెండు చివరి ముఖాలు దాని భూములు. మిగిలిన ముఖాలన్నీ పక్కతలాలు. పట్టకాన్ని ఎక్కడ అడ్డంగా కోసినా అదే ఆకారం బయటపడుతుంది. ఇటుక, నాలుగు పలకల పిల్లర్, చదరపు రేకు గొట్టం, ఏ4 కాగితాల కట్ట, ఆరుపలకల పెన్సిలు, బడి ప్రయోగశాలలోని మూడుపలకల గాజు, అన్నీ ఈ కుటుంబానివే.

పక్కతలాలు భూములకు నిటారుగా ఉంటే అది లంబ పట్టకం. అప్పుడు ప్రతి పక్కతలమూ దీర్ఘచతురస్రమే. పక్కకు ఒరిగి ఉంటే ఏటవాలు పట్టకం. దాని ముఖాల్లో కొన్నయినా సమాంతర చతుర్భుజాలుగా మారతాయి. దాని లెక్క కొంచెం వేరు, అది తర్వాత వస్తుంది.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది సూత్రం దగ్గర కాదు, భూములు ఏవో గుర్తించే దగ్గర. నిలబెట్టిన పిల్లర్‌కు భూములు పైనా కిందా ఉంటాయి. పడుకోబెట్టిన పట్టకానికి అవి కుడి ఎడమల్లో ఉంటాయి. గోదాం మీద రెండువైపులా వాలిన రేకుల కప్పు ఒక మూడుపలకల పట్టకం; గోదాం రెండు చివర్లా ముందూ వెనకా కనిపించే త్రికోణపు గోడలే దాని భూములు. దాని 'ఎత్తు' అంటే గోదాం పొడవు. ఆకారం ఏ దిశలో మారకుండా సాగుతుందో చూసుకుంటే చాలు, ఆ దిశలోని కొలతే లెక్కలోకి వచ్చే ఎత్తు.

అగ్గిపెట్టె తొడుగు చెప్పే సంగతి

అగ్గిపెట్టెలో పుల్లలుండే లోపలి అరను పక్కకు తీసేస్తే మిగిలేది పై తొడుగు. రెండు చివర్లూ తెరిచి ఉంటాయి, నాలుగు పక్కలు మాత్రమే ఉంటాయి. పక్కతలం అంటే ఏమిటో చూపడానికి అంతకన్నా కచ్చితమైన వస్తువు ఇంట్లో దొరకదు. భూములు లేని పట్టకం అది.

తొడుగు పొడవు 5 సెంటీమీటర్లు, తెరిచి ఉన్న నోరు 3.5 సెంటీమీటర్లకు 1.5 సెంటీమీటర్లు అనుకుంటే, ముందుగా ఒక్కో ముఖాన్నీ విడిగా లెక్కగట్టవచ్చు. బొమ్మ ఉన్న ముఖం 3.5 × 5 = 17.5, దాని వెనక ముఖమూ అంతే. పుల్ల గీసే గరుకు పట్టీ ఉన్న సన్న ముఖం 1.5 × 5 = 7.5, దాని ఎదుటి ముఖమూ అంతే. మొత్తం 50 చదరపు సెంటీమీటర్లు.

ఇప్పుడు తొడుగును ఒక అంచు వెంబడి బ్లేడుతో కోసి, మడతలు విప్పి, బల్ల మీద పరిస్తే నాలుగు ముఖాలూ పక్కపక్కన చేరి ఒకే దీర్ఘచతురస్రం అవుతుంది. దాని ఒక భుజం తొడుగు పొడవే, 5 సెంటీమీటర్లు. రెండో భుజం 3.5, 1.5, 3.5, 1.5 వరుసగా చేరినది, అంటే 10 సెంటీమీటర్లు. ఈ 10 నోటి చుట్టుకొలత తప్ప మరొకటి కాదు. 10 × 5 = 50. నాలుగుసార్లు గుణించి కూడిన పని ఒక్క గుణకారంతో ముగిసింది. అసలు అట్టలో అతికించడానికి ఒక సన్నటి మడత అదనంగా ఉంటుంది. అది అతుకు కోసం, తలం లెక్కలోకి రాదు.

కారణం సులువైనది. ప్రతి ముఖానికీ ఎత్తు ఒక్కటే. వెడల్పులు మాత్రమే వేరు. ఎత్తు అందరికీ ఉమ్మడి కాబట్టి ముందు వెడల్పులన్నీ కూడి, చివర్లో ఒకేసారి ఎత్తుతో గుణించవచ్చు. వెడల్పులన్నీ కూడితే వచ్చేది భూమి చుట్టుకొలత. కాబట్టి

పక్కతల వైశాల్యం = భూమి చుట్టుకొలత × ఎత్తు.

ఇదే తొడుగుతో ఇంకొక సంగతి తెలుస్తుంది. అంచు కోయకుండా, ఖాళీ తొడుగును మూలల మీద వేలితో నెమ్మదిగా నొక్కితే నోరు దీర్ఘచతురస్రం నుంచి ఒరిగిన సమాంతర చతుర్భుజంగా మారుతుంది. ఇంకా నొక్కితే పూర్తిగా అణగి పలచటి పొర అవుతుంది. లోపలి చోటు తగ్గుతూ తగ్గుతూ సున్నా అయింది. పక్కతలం మాత్రం 50 చదరపు సెంటీమీటర్ల దగ్గరే నిలిచింది. అట్ట సాగలేదు, కుదించుకోలేదు, చుట్టుకొలత మారలేదు. పక్కతల వైశాల్యం భూమి వైశాల్యాన్ని పట్టించుకోదు, చుట్టుకొలతనే చూస్తుంది. పిల్లర్ల లెక్కలో కనిపించిన తేడాకు మూలం ఇదే: కాంక్రీటు భూమి వైశాల్యాన్ని అనుసరించి పడుతుంది, సెంట్రింగ్ భూమి చుట్టుకొలతను అనుసరించి పడుతుంది. భూమి వైశాల్యం ఒకటే అయినా చుట్టుకొలతలు వేరుగా ఉండవచ్చు.

---

పెట్టె: ఒకే సూత్రానికి ఇన్ని పేర్లెందుకు

బడి పుస్తకాల్లో ఘనానికి 4 × భుజం వర్గం, దీర్ఘఘనానికి 2 × ఎత్తు × (పొడవు + వెడల్పు), స్తూపానికి 2 × పై × వ్యాసార్ధం × ఎత్తు అని పక్కతల సూత్రాలు మూడు చోట్ల మూడు రకాలుగా కనిపిస్తాయి. పిల్లలు వీటిని మూడు వేర్వేరు విషయాలుగా బట్టీపడతారు. నిజానికి మూడూ ఒకటే. చతురస్రం చుట్టుకొలత నాలుగు భుజాలు, దీర్ఘచతురస్రం చుట్టుకొలత పొడవు వెడల్పుల మొత్తానికి రెట్టింపు, వృత్తం చుట్టుకొలత 2 × పై × వ్యాసార్ధం. ఒక్కొక్కటీ ఎత్తుతో గుణిస్తే ఆ మూడు సూత్రాలూ వస్తాయి. అయిదుపలకల పట్టకానికో, ఎల్ ఆకారపు గదికో సూత్రం పుస్తకంలో లేదని ఆగిపోవలసిన పని లేదు. చుట్టూ టేపు పట్టగలిగితే చాలు.

---

పలకలు పెరిగితే తలం పెరుగుతుందా

సూర్యాపేటకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని పిల్లలమర్రిలో కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన ఆలయాలున్నాయి. వాటిలో ఎరకేశ్వరాలయం 1208 నాటిది. కాకతీయ శైలి స్తంభాల్లో ఒకే రాతిలో కొంత భాగం నాలుగు పలకలుగా, కొంత భాగం ఎనిమిది పలకలుగా, కొంత గుండ్రంగా మారుతూ వస్తుంది. అలాంటి స్తంభం ఒకే పట్టకం కాదు, ఒకదాని మీద ఒకటి పేర్చిన పట్టకాల, స్తూపాల వరుస. ప్రతి భాగానికీ విడిగా చుట్టుకొలత తీసుకుని, ఆ భాగం ఎత్తుతో గుణించి, అన్నీ కూడాలి.

ఇక్కడ ఒక ఆశ్చర్యం ఉంది. అడుగు భుజమున్న నాలుగు పలకల రాతికి నాలుగు మూలలూ చెక్కి ఎనిమిది సమాన పలకలు చేస్తే ముఖాలు రెట్టింపయ్యాయి కాబట్టి తలం కూడా పెరిగి ఉంటుందనిపిస్తుంది. లెక్క తిరగబడుతుంది. చతురస్రం చుట్టుకొలత 48 అంగుళాలు. మూలలు చెక్కాక వచ్చే అష్టభుజి ఒక్కో భుజం దాదాపు 5 అంగుళాలు, మొత్తం చుట్టుకొలత సుమారు 39.8 అంగుళాలు. ఒక్కో అడుగు ఎత్తుకు పక్కతలం 4 చదరపు అడుగుల నుంచి 3.3కు తగ్గింది. మూల దగ్గర రెండు భుజాల మీదుగా తిరిగివెళ్లే దారి పోయి, వాటిని కలిపే అడ్డదారి వచ్చింది. త్రిభుజంలో రెండు భుజాల మొత్తం కన్నా మూడో భుజం ఎప్పుడూ చిన్నదే.

అదే మూలను వాలుగా చెక్కకుండా, 4 అంగుళాల చదరపు ముక్కగా లోపలికి తొలిస్తే చుట్టుకొలత రవ్వంత కూడా మారదు. పోయిన రెండు భుజాల స్థానంలో అంతే పొడవున్న రెండు భుజాలు లోపలికి జరిగి నిలబడతాయి. రాయి తగ్గింది, తలం తగ్గలేదు. ఇక మూల కాకుండా ఒక ముఖం నడుమ 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల లోతు గాడి తీస్తే చుట్టుకొలత 54 అంగుళాలకు పెరుగుతుంది. గాడికి రెండు వైపులా మూడేసి అంగుళాల కొత్త గోడలు వచ్చాయి. మూడు సందర్భాల్లోనూ రాయిని తీసేశారు. ఒకచోట పక్కతలం తగ్గింది, ఒకచోట అలాగే ఉంది, ఇంకోచోట పెరిగింది.

ఎల్ ఆకారపు హాలుకు రంగులు వేసేటప్పుడు ఇది నేరుగా పనికొస్తుంది. 20 అడుగులకు 15 అడుగుల హాలులో ఒక మూల 8 అడుగులకు 6 అడుగుల పూజగదికి పోయిందనుకుంటే, మిగిలిన హాలు నేల వైశాల్యం 300 నుంచి 252 చదరపు అడుగులకు తగ్గుతుంది. టైల్స్ బిల్లు ఆ మేరకు తగ్గాలి. గోడల చుట్టుకొలత మాత్రం 70 అడుగులే. 10 అడుగుల ఎత్తుకు పుట్టీ, రంగు 700 చదరపు అడుగులు. మూల పోయింది కదా, రంగు తక్కువ పడుతుందని వాదించడానికి వీల్లేదు.

ఒకే భూమి వైశాల్యానికి అతి తక్కువ చుట్టుకొలత ఏ ఆకారానిది అంటే, వృత్తానిది. 144 చదరపు అంగుళాల అడ్డకోతతో పదడుగుల పిల్లర్ పోస్తే సమబాహు త్రిభుజానికి 45.6, చతురస్రానికి 40, క్రమ షడ్భుజికి 37.2, అష్టభుజికి 36.4, వృత్తానికి 35.4 చదరపు అడుగుల పక్కతలం వస్తుంది. క్రమ బహుభుజుల్లో పలకలు పెరిగేకొద్దీ ఆకారం వృత్తాన్ని సమీపిస్తుంది, తలం తగ్గుతూ వస్తుంది. గుండ్రటి పిల్లర్‌కు తలం తక్కువే అయినా దాని సెంట్రింగ్‌కు వంచిన ప్రత్యేక రేకులు కావాలి. ఇళ్లలో నాలుగు పలకల పిల్లర్లే ఎక్కువ కావడానికి ఆ పనిలోని సులువే కారణం.

గది గోడలు, తలుపు వదిలే లెక్క

గది లోపలి గోడలు కూడా ఒక పట్టకపు పక్కతలమే, లోపలి నుంచి చూసినది. 12 అడుగులకు 10 అడుగుల గదికి చుట్టుకొలత 44 అడుగులు, ఎత్తు 10 అడుగులైతే గోడలు 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీల చోట గోడ లేదు కాబట్టి ఎంత తగ్గించాలనేది పనివారికీ ఇంటివారికీ మధ్య తరచు తగాదాకు దారితీస్తుంది. కొలతల పద్ధతికి భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 దీనికి స్పష్టమైన నియమం ఇచ్చింది. ప్లాస్టరింగ్‌లో ఒక్కోటి అర చదరపు మీటరు దాటని సందులకు ఏమీ తగ్గించరు. అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా ఉంటే గోడకు ఒక ముఖం వైపు మాత్రమే తగ్గిస్తారు. మూడు దాటితే రెండు ముఖాల్లోనూ తగ్గించి, సందు లోపలి అంచుల తలాన్ని విడిగా కలుపుతారు.

ఒక ముఖానికే తగ్గించడంలోని న్యాయం కూడా పక్కతలం లెక్కతోనే తెలుస్తుంది. మూడడుగులకు ఏడడుగుల ద్వారం గోడలో తొలిచిన ఒక పట్టకం. గోడ మందమే దాని ఎత్తు. గడప వైపు వదిలేస్తే దాని చుట్టుకొలత 7 + 3 + 7 = 17 అడుగులు. తొమ్మిదంగుళాల గోడకు ఆ లోపలి అంచుల తలం 12.75 చదరపు అడుగులు. ద్వారం నోరు 21 చదరపు అడుగులు, అంటే రెండు చదరపు మీటర్ల లోపే. రెండో ముఖంలో తగ్గించకుండా వదిలిన 21 చదరపు అడుగులు, అంచుల దగ్గర చేసే ఈ పనికీ, సన్నటి అంచులు సూటిగా తీయడంలోని శ్రమకూ పరిహారం.

ఇక్కడ కొలమానాల దగ్గర ఒక జాగ్రత్త అవసరం. పిల్లర్ చుట్టుకొలతను అంగుళాల్లో, ఎత్తును అడుగుల్లో తీసుకోవడం వాడుక. 9కి 12 పిల్లర్ చుట్టుకొలత 42 అంగుళాలు. దాన్ని 10 అడుగులతో గుణించి వచ్చిన 420 చదరపు అడుగులూ కాదు, చదరపు అంగుళాలూ కాదు. 12తో భాగించాకే 35 చదరపు అడుగులు అవుతుంది.

సాగర్ ఎడమ కాలువ: పడుకున్న పట్టకం

ఈ ప్రాంతంలో పట్టకపు పక్కతలం అన్నిటికన్నా భారీగా కనిపించేది ఊళ్లలో కాదు, పొలాల మధ్య. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. లాల్ బహదూర్ పేరు పెట్టిన ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల ఆయకట్టును తడుపుతూ ఖమ్మం వైపు సాగి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్తుంది. ప్రధాన కాలువ నుంచి మేజర్లు, వాటి నుంచి మైనర్లు చీలతాయి.

కాలువను అడ్డంగా కోస్తే కనిపించేది సమలంబ చతుర్భుజం: అడుగున చదునైన నేల, రెండు పక్కలా పైకి విచ్చుకునే వాలు కట్టలు, పైన తెరిచిన నీటి ఉపరితలం. అదే అడ్డకోత మైళ్ల కొద్దీ సాగుతుంది. అంటే కాలువ పడుకున్న పట్టకం. దాని ఎత్తు కాలువ పొడవే. నీళ్లు ముందుకు పారడానికి అడుగుకు ఇచ్చే వాలు చాలా స్వల్పం కాబట్టి లంబ పట్టకంగానే లెక్కగడితే నష్టం లేదు. కాంక్రీటు లైనింగ్ వేయవలసింది అడుగుకూ రెండు వాలు కట్టలకూ, పైముఖానికి అక్కర్లేదు. పక్కతలం నాలుగు ముఖాల్లో మూడే లెక్కలోకి వస్తాయి.

ఒక చిన్న కాలువ అడుగు వెడల్పు 6 అడుగులు, నీటి లోతు 3 అడుగులు, ప్రతి కట్టా 3 అడుగులు లేచేలోగా 4 అడుగులు బయటికి జరుగుతుందనుకుంటే, కట్ట వాలు వెంబడి కొలత 5 అడుగులు అవుతుంది. నీళ్లు తగిలే చుట్టుకొలత 5 + 6 + 5 = 16 అడుగులు. వెయ్యి అడుగుల పొడవుకు లైనింగ్ 16,000 చదరపు అడుగులు. కట్టను నిలువు లోతుతో కాకుండా వాలు వెంబడి కొలవాలి. లోతునే తీసుకుంటే చుట్టుకొలత 12 అడుగులే వచ్చి, నాలుగో వంతు లైనింగ్ లెక్కలోంచి జారిపోతుంది.

ఈ కాలువలో నీటి అడ్డకోత 30 చదరపు అడుగులు. అదే 30 చదరపు అడుగులను లోతు సగానికి తగ్గించి, వెడల్పు చేసి తవ్వవచ్చు: అడుగు వెడల్పు 18 అడుగులు, లోతు అడుగున్నర, అదే వాలు. కట్ట కొలత రెండున్నర అడుగులు అవుతుంది. తడిసే చుట్టుకొలత 2.5 + 18 + 2.5 = 23 అడుగులు. వెయ్యి అడుగులకు 23,000 చదరపు అడుగులు, మొదటిదానికన్నా 7,000 ఎక్కువ. నీటి అడ్డకోత మాత్రం ఒక్కటే.

నష్టం లైనింగ్ ఖర్చుతో ఆగదు. మట్టి కాలువలో నీళ్లు ఇంకేది అవి తాకే తలం నుంచే. ఆ తలం ఎంత పెరిగితే ఊటకు అంత చోటు. పారే నీటిని ఆపే రాపిడి కూడా నీళ్లు కట్టనూ అడుగునూ ఒరుసుకునే చోటే పుడుతుంది. ఒకే అడ్డకోత, ఒకే వాలు ఉన్న రెండు కాలువల్లో ఎక్కువ చుట్టుకొలత తడిసే కాలువలో నీళ్లు నెమ్మదిగా పారతాయి. చివరి పొలాలకు నీరు అందడం లేదని ఆయకట్టు రైతులు ఏళ్లుగా చెప్పే బాధకు నీటి పంపిణీ, పూడిక, తూముల వంటి కారణాలు చాలానే ఉన్నాయి. కాలువ ఆకారం చెడటం కూడా వాటిలో ఒకటి. కట్టలు జారి అడుగున పేరుకుంటే కాలువ లోతు తగ్గి వెడల్పవుతుంది, అంటే మొదటి రకం కాలువ తనంతట తానే రెండో రకంగా మారిపోతుంది. ప్రపంచ బ్యాంకు సాయంతో 2010లో మంజూరైన నీటి రంగ అభివృద్ధి పథకం కింద సాగర్ కాలువల ఆధునికీకరణ చేపట్టినప్పుడు లైనింగ్ ఆ పనుల్లో ఒక ముఖ్య భాగం కావడానికి ఇదే నేపథ్యం.

మరి చుట్టుకొలత అతి తక్కువగా ఉండే సమలంబ చతుర్భుజం ఏది? క్రమ షడ్భుజిని నడిమికి కోస్తే వచ్చే సగం. అడుగూ రెండు కట్టలూ సమానంగా ఉండి, కట్టలు 60 డిగ్రీలకు లేస్తాయి. అయినా పెద్ద మట్టి కాలువలను అలా తవ్వరు. 60 డిగ్రీల నిటారు కట్ట మీద మట్టి నిలబడదు, వానకు జారుతుంది. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలిచ్చే నల్లరేగడిలో మరీ కష్టం. చుట్టుకొలత కొంత పెరిగినా కట్ట నిలవడమే ముఖ్యమని ఇంజినీర్లు వాలును పడుకోబెడతారు. అసలు లైనింగ్‌ను కూడా నీటి మట్టం దగ్గర ఆపరు, కొంత పైదాకా తీసుకెళ్తారు. బిల్లు కొలత అక్కడిదాకా ఉంటుంది.

కాలువ సూటిగా ఉండదు, నేల ఎత్తుపల్లాలను బట్టి వంపులు తిరుగుతుంది. వంపులో బయటి కట్ట పొడవెక్కువ, లోపలి కట్ట పొడవు తక్కువ. రెండు కట్టలూ ఒకే తీరుగా ఉంటే బయట పెరిగినంత లోపల తగ్గుతుంది. అందువల్ల కాలువ నడిమి గీత వెంబడి పొడవు కొలిచి చుట్టుకొలతతో గుణిస్తే సరైన వైశాల్యమే వస్తుంది. సర్వే చేసేవారు కాలువ మధ్య గీత మీదనే దూరాలు గుర్తించడం ఈ లెక్కకు బాగా కుదురుతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో కుండపోత వానలకు సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. గండి పూడ్చే పనిలో రెండు లెక్కలూ పక్కపక్కనే ఉంటాయి: కట్టకు పోసే మట్టి అడ్డకోత వైశాల్యాన్ని బట్టి, దాని మీద కప్పే లైనింగ్ అడ్డకోత అంచును బట్టి.

---

పెట్టె: రెట్టింపు చేస్తే ఏది ఎంత పెరుగుతుంది

పట్టకపు ఎత్తు మాత్రమే రెట్టింపు చేస్తే పక్కతలమూ రెట్టింపు, లోపల పట్టే సరుకూ రెట్టింపు. భూమి కొలతలు మాత్రమే రెట్టింపు చేస్తే పక్కతలం రెట్టింపు, సరుకు నాలుగింతలు. మూడు కొలతలూ రెట్టింపు చేస్తే పక్కతలం నాలుగింతలు, సరుకు ఎనిమిదింతలు. తిరగేసి చూస్తే, 12 అంగుళాల చదరపు పిల్లర్ ఒక్కదానిలో పట్టే కాంక్రీటును 6 అంగుళాల చదరపు పిల్లర్లు నాలుగుగా పోస్తే కాంక్రీటు అంతే, సెంట్రింగ్ రెట్టింపు. ఎండాకాలంలో క్యూరింగ్ కోసం చుట్టే తడి గోనె పట్టాలు కూడా రెట్టింపు. కాంక్రీటులోని తేమ ఆవిరయ్యేది ఆ పక్కతలం నుంచే.

---

మిల్లులో బస్తాలు, రేకు గొట్టాలు

మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరు. గోదాములో బస్తాల నిట్టు ఒక దీర్ఘఘనం. పురుగు పట్టకుండా మందు పెట్టేటప్పుడు గాలి చొరకుండా నిట్టు మొత్తాన్ని పట్టాతో కప్పి, నేల మీది అంచుల మీద ఇసుక నింపిన పొడవాటి సంచులు బరువుగా పెడతారు. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 15 అడుగుల ఎత్తు నిట్టుకు చుట్టుకొలత 100 అడుగులు, పక్కలు 1,500 చదరపు అడుగులు, పైభాగం 600. నేల మీద పరిచే అంచు కాకుండానే 2,100 చదరపు అడుగుల పట్టా కావాలి.

రెండు నిట్లను విడివిడిగా పెడితే పక్కలు 3,000 చదరపు అడుగులు. పొడవు వెంట ఒకదానికొకటి ఆనించి 60 అడుగులకు 20 అడుగుల ఒకే నిట్టు చేస్తే చుట్టుకొలత 160 అడుగులు, పక్కలు 2,400. ఆనిన రెండు ముఖాలు ఒక్కొక్కటీ 300 చదరపు అడుగులు లెక్కలోంచి పోయాయి. పట్టా ఆదా అయినా గోదాముల్లో నిట్ల మధ్య బాట వదలడం మానరు. బస్తాలు చూడటానికీ, మందు చల్లడానికీ, గాలి ఆడటానికీ ఆ 600 చదరపు అడుగుల ముఖాలు తెరిచి ఉండాలి. ఇక్కడ పక్కతలం ఎక్కువ ఉండటమే మేలు.

ఏటవాలు పట్టకం కనిపించేది కూడా మిల్లులోనే. ఎలివేటర్ పైకి చేర్చిన వడ్లు అక్కడి నుంచి ఒరిగిన చదరపు రేకు గొట్టాల్లో జారి యంత్రంలోకి పడతాయి. గొట్టం రెండు నోళ్లూ నేలకు సమాంతరంగా కోసి ఉంటే అది ఏటవాలు పట్టకం. వడ్లు మధ్యలో ఆగకుండా జారాలంటే వాలు బాగా నిటారుగా ఉండాలి. పై నోరు, కింది నోరు అడుగుకు అడుగు, నిలువు దిగుడు 8 అడుగులు, పక్కకు జరుగుడు 6 అడుగులు అయితే గొట్టం అంచు పొడవు 10 అడుగులు.

ఇప్పుడు చుట్టుకొలత 4 అడుగులను దేనితో గుణించాలి? నిలువు ఎత్తుతో అయితే 32, అంచు పొడవుతో అయితే 40 చదరపు అడుగులు. రెండూ తప్పే. ముఖాలను విడిగా చూస్తే సంగతి తేలుతుంది. మీదా కిందా ఉండే రెండు ముఖాలు అడుగు వెడల్పు, 10 అడుగుల పొడవున్న దీర్ఘచతురస్రాలు, కలిపి 20. పక్కనున్న రెండూ సమాంతర చతుర్భుజాలు. అడుగు భూమి, 8 అడుగుల ఎత్తు, కలిపి 16. మొత్తం 36 చదరపు అడుగులు.

దీనికీ ఒక్క గుణకారపు దారి ఉంది. నోటి దగ్గర కాకుండా గొట్టం అంచులకు నిటారుగా దాన్ని కోస్తే కనిపించేది అడుగుకు అడుగు చతురస్రం కాదు, అడుగుకు 0.8 అడుగుల దీర్ఘచతురస్రం. దాని చుట్టుకొలత 3.6 అడుగులు. అంచు పొడవు 10తో గుణిస్తే 36. ఏటవాలు పట్టకానికి నియమం ఇది: అంచుకు నిటారుగా కోసిన అడ్డకోత చుట్టుకొలత × అంచు పొడవు. లంబ పట్టకంలో ఆ కోతా భూమీ ఒకటే కాబట్టి రెండు నియమాలు కలిసిపోతాయి. గొట్టం నోరు ఒక చదరపు అడుగు ఉన్నా, వడ్లు నిజంగా పారే చోటు 0.8 చదరపు అడుగులేనన్న సంగతి కూడా ఇదే కోత బయటపెడుతుంది. గొట్టం ఎంత ధాన్యం మోయగలదో తేల్చేటప్పుడు నోటి కొలత చూసి మోసపోకూడదు.

నియమం ఎక్కడ ఆగుతుంది

అడ్డకోత పరిమాణం మారడం మొదలవగానే అది పట్టకం కాకుండా పోతుంది. మిల్లులో ధాన్యపు బిన్ పైభాగం నిటారు గోడల పట్టకం, కింద సన్నబడుతూ దిగే గరాటు భాగం పట్టకం కాదు. దాని పైనా కిందా చుట్టుకొలతలు వేరు. అక్కడ రెండు చుట్టుకొలతల సగటు తీసుకుని, నిలువు ఎత్తుతో కాక ముఖం నడిమి గుండా దిగే వాలు కొలతతో గుణించాలి. ప్రతి ముఖమూ సమలంబ చతుర్భుజం కావడం వల్ల ఈ సగటు సరిపోతుంది.

8 అడుగుల చదరపు బిన్ నిటారు భాగం 10 అడుగులు అనుకుంటే దాని పక్కతలం 32 × 10 = 320 చదరపు అడుగులు. కింద 4 అడుగుల నిలువులో 8 అడుగుల నుంచి 2 అడుగుల నోటికి సన్నబడితే, ప్రతి ముఖం 3 అడుగులు లోపలికి జరుగుతుంది, వాలు కొలత 5 అడుగులు. చుట్టుకొలతలు పైన 32, కింద 8, సగటు 20. గరాటు తలం 20 × 5 = 100 చదరపు అడుగులు. మొత్తం 420 చదరపు అడుగుల రేకు. ఎనిమిదికి నాలుగు అడుగుల రేకు ఒక్కోటి 32 చదరపు అడుగులు కాబట్టి వైశాల్యం ప్రకారం 14 రేకులు సరిపోవాలి. గరాటు ముఖాలు కోయగా మిగిలే ముక్కలు, అతుకుల మీద వేసే అంచులు లెక్కలో కలిపితే ఇంకో ఒకటి రెండు అదనంగా తెప్పించుకోవాలి.